చిన్న సంఘానికి పెద్ద సంఘం చేయూత



భివండీ ఊళ్లో కనేరి అనే పేట ఉంది. పద్మానగర్, కామత్‌ఘర్‌లలో లాగే ఇక్కడ కూడా వీధిలో నడుస్తూ ఉంటే సాంచాల చప్పుడు మధ్య తెలుగు మాట చెవిన పడుతుంది. మరమగ్గాన్ని మనవాళ్లు సాంచా అనే అంటారు. తరాల కిందట తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలే ఇక్కడి తెలుగువారిలో ఎక్కువ. వారి వెంట, వారి తర్వాత, ఇతర కులాలవారు, ఇతర మతాలవారు కూడా పొట్ట చేతపట్టుకుని వచ్చారు. అలా వచ్చిన తెలుగు క్రైస్తవ కుటుంబాలు కొన్ని ఆదివారం సాయంత్రం ఒక అద్దె గదిలో ప్రార్థనకు కూడుకుంటాయి. రాత్రి పాళీ చేసి, పగలు కాసేపు కునుకు తీసి వచ్చేవారు కొందరు. పిల్లల్ని చంకనేసుకుని వచ్చే తల్లులు కొందరు.

ఒక ఆదివారం నా పక్కన కూర్చున్న కుర్రవాడు పాటల పుస్తకం తెరవకుండా తన నోటుబుక్కు తెరిచాడు. వంగి చూశాను. పాట తెలుగే, అక్షరాలు మాత్రం మరాఠీవి. వాళ్లమ్మ పాడుతుంటే విని, తనకు వచ్చిన లిపిలో రాసుకున్నాడన్నమాట. నేను వృత్తిరీత్యా ఉపాధ్యాయుణ్ణి. తెలుగూ మరాఠీ రెండూ చెబుతాను. కనుక నాకు వెంటనే ఒక సంగతి తట్టింది. మరాఠీ రాతలో ఎకారానికీ ఏకారానికీ తేడా లేదు, ఒకారానికీ ఓకారానికీ తేడా లేదు. ఆ లిపిలో మన 'మెడ', 'మేడ' ఒకటే అయిపోతాయి. ఆ పిల్లవాడు పాట మరిచిపోలేదు, అది సంతోషం. కానీ పాటను కాగితం మీద పెట్టేసరికి సగం మాటలు కుంటుతున్నాయి.

ఆ నోటుబుక్కు చూసినప్పటి నుంచి నన్నొక ప్రశ్న వదల్లేదు. ఇటువంటి చిన్న గుంపుకు, నాలుగు కుటుంబాల సంఘానికి, ఎక్కడో ఉన్న పెద్ద సంఘం ఏమి ఇవ్వాలి? ఎలా ఇవ్వాలి? మన తెలుగుదేశంలో ఈ ప్రశ్నకు నూట ఎనభై ఏళ్లకు పైగా జవాబు వెతుకుతున్న ఒక సంస్థ అనుభవాన్ని ఈ పూట మీతో పంచుకుంటాను. అది ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి. గుంటూరు కేంద్రంగా పనిచేసే సంఘం.

గుంటూరు చేరే ముందు ఒక్కసారి జర్మనీకి వెళ్లి రావాలి. ఎందుకంటే ఈ ప్రశ్న అక్కడే, మార్టిన్ లూథరు బతికి ఉండగానే పుట్టింది. సాక్సనీ ప్రాంతంలో లైస్నిగ్ అనే చిన్న పట్టణం ఉంది. 1523లో ఆ ఊరివాళ్లు ఒక ఉమ్మడి పెట్టె పెట్టుకున్నారు. గుడికి వచ్చే ఆదాయమంతా అందులో పడాలి. అందులోంచే బోధకుడికి జీతం, బడిపంతులుకు జీతం, బీదవారికి, వృద్ధులకు, అనాథలకు సాయం. పెట్టెకు నాలుగు వేర్వేరు తాళాలు. ఒక తాళంచెవి దొరల దగ్గర, ఒకటి పట్టణ సభ దగ్గర, ఒకటి పట్టణ ప్రజల దగ్గర, ఒకటి చుట్టుపక్కల పల్లె రైతుల దగ్గర. నలుగురూ వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. లూథరు ఈ ఏర్పాటును మెచ్చుకుని దానికి ముందుమాట రాసి అచ్చువేయించాడు.

మరో అయిదేళ్లకు, 1528లో, లూథరు ఆయన సహచరులతో కలిసి సాక్సనీ పల్లెల్లోని సంఘాలను స్వయంగా చూడడానికి బయలుదేరాడు. చూసి నివ్వెరపోయాడు. ప్రజలకు తాము నమ్మేదేమిటో తెలియదు. చాలాచోట్ల బోధకుడికే సరిగా తెలియదు. తిరిగి వచ్చి 1529లో ప్రశ్నలూ జవాబుల రూపంలో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఇంట్లో తండ్రి పిల్లలకు చెప్పుకోవడానికి వీలైన పుస్తకం. ఇవాళ్టికీ లూథరన్ సంఘాల్లో పిల్లలకు నేర్పేది దానినే. వరస గమనించండి. మొదట వెళ్లి చూడడం, తర్వాత చదువు నేర్పడం, వీటన్నిటికీ ఆధారంగా పదిమంది చేతిలో తాళం ఉన్న పెట్టె. చిన్న సంఘాన్ని నిలబెట్టే పని మొత్తం ఈ మూడింటిలోనే ఉందని నాకనిపిస్తుంది.

ఇక మన గుంటూరుకు వద్దాం. 1842 జూలై 31న జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ అనే నలభై తొమ్మిదేళ్ల మనిషి గుంటూరులో అడుగుపెట్టాడు. జర్మనీలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, అక్కడి లూథరన్‌ల తరఫున విదేశానికి వచ్చిన తొలి మిషనరీ ఆయన. అప్పటి గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు ఆశ్రయమిచ్చాడు. హయ్యర్ వచ్చిన కొద్దికాలానికే బడులు తెరిచాడు. మధ్యలో అమెరికా వెళ్లి వైద్యం చదువుకుని మళ్లీ వచ్చాడు. 1849లో పల్నాడులోని గురజాలకు మకాం మార్చి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాడు. 1857లో వెళ్లిపోయాడు. అంతటితో కథ ముగిసిందనుకున్నారు. అయితే 1869లో రాజమండ్రి మిషను మనుషులు లేక వేరే సంస్థ చేతికి పోబోతోందని విని, తన 77వ ఏట మూడోసారి ఓడ ఎక్కాడు. వచ్చి ఆ పనిని మళ్లీ గాడిలో పెట్టాడు. డబ్బు పంపితే సరిపోయేదే. కానీ ఆయన మనిషి వెళ్లాలనుకున్నాడు.

అలా గుంటూరులో ఒకటి, రాజమండ్రిలో ఒకటి రెండు మిషన్లు సాగాయి. పల్లెలో సంఘం ఎలా నిలిచేదో చూడండి. ఒక అయ్యగారి కింద అనేక పల్లెలు ఉండేవి. దానిని పేరిష్ అంటారు. అయ్యగారు అన్ని ఊళ్లలో అన్ని ఆదివారాలూ ఉండలేరు గదా. కనుక పల్లెలో ఉపదేశి ఉండేవాడు. చాలాచోట్ల అతనే బడిపంతులు కూడా. పగలు అదే పాకలో పిల్లలకు అఆలు చెప్పేవాడు. పొద్దుగూకాక కూలి నుంచి వచ్చిన పెద్దలకు అదే పాకలో ప్రార్థన నడిపేవాడు. జాబు వస్తే చదివిపెట్టేవాడు, అర్జీ కావాలంటే రాసిపెట్టేవాడు. ఈ సంఘాల్లో చేరినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. ఊరి బడి అరుగు ఎక్కనివ్వని రోజుల్లో ఆ పాకే వాళ్లకు బడి. గుడి కంటే ముందు బడి వచ్చిన పల్లెలు ఎన్నో.

ఆ ఒక్క పంతులు వెనక పెద్ద సంఘం పెట్టిన ఏర్పాటు చాలా ఉంది. పంతుళ్లను తయారుచేయడానికి శిక్షణ పాఠశాలలు కావాలి. గుంటూరులో లూథరన్ సంఘం నడిపిన అటువంటి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలోనే మహాకవి గుర్రం జాషువ 1919 నుంచి సుమారు పదేళ్లు పనిచేశారు. బోధకులను తయారుచేయడానికి రాజమండ్రిలో లూథర్‌గిరి వేదాంత పాఠశాల ఏర్పడింది. 1964లో వివిధ సంఘాలవారు కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను ప్రారంభించింది ఆ ఆవరణలోనే. తర్వాత అది హైదరాబాదుకు మారింది. పల్లె బడిలో చురుకైన పిల్లలను పట్నంలో ఉంచి చదివించడానికి బోర్డింగులు వచ్చాయి. 1885లో మొదలైన గుంటూరు కళాశాల తర్వాత ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా, ఏ.సి. కాలేజీగా తెలుగువారందరికీ పరిచయమైంది. కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణ అక్కడ పాఠం చెప్పారు, నందమూరి తారక రామారావు అక్కడ చదువుకున్నారు.

స్త్రీల మాట వస్తే డాక్టర్ అన్నా శారా కూగ్లర్‌ను తలుచుకోవాలి. 1883లో గుంటూరు వచ్చారు. మొదట ఆమెను పంపింది ఆడవారి మధ్య బోధన చేయడానికే. వైద్యానికి ఇంకా సమయం రాలేదన్నారట పంపినవారు. ఆమె మాత్రం రోగులను చూడడం మానలేదు. 1898లో గుంటూరులో ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆ ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది. పల్లెలో ఒక తల్లికి కాన్పు కష్టమైతే, బండి కట్టుకుని వెళ్లడానికి ఒక చోటు ఉందనే ధైర్యం ఆ పల్లె సంఘానికి అందిన సాయం కాదా?

ఇంతవరకూ చెప్పింది వింటే, విదేశాల నుంచి డబ్బు వచ్చింది, పని జరిగింది అనిపించవచ్చు. నిజానికి ఈ చరిత్రలో మనం నేర్చుకోవలసింది డబ్బు ఆగిపోయిన రోజుల నుంచే.

అమెరికాలో 1861 నుంచి 1865 వరకు అంతర్యుద్ధం జరిగింది. అక్కడి పత్తి ఆగిపోయి ఇక్కడి పత్తికి గిరాకీ పెరిగిన రోజులవి, నేత పని చేసేవారికి ఈ కథ కొత్త కాదు. కానీ అదే యుద్ధం వల్ల అక్కడి లూథరన్ సంఘాలే రెండుగా చీలాయి. ఇక్కడి మిషనుకు మనుషులూ ధనమూ సన్నగిల్లాయి. 1858లో వచ్చిన ఉనాంగ్స్ట్ దొర గుంటూరులో కొన్నాళ్లు ఒంటరిగా నెట్టుకురావలసి వచ్చింది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. రాంచీ ప్రాంతంలో ఆదివాసుల మధ్య పనిచేస్తున్న జర్మన్ మిషనరీలను 1915లో ప్రభుత్వం పంపించివేసింది. అక్కడి సంఘస్థులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1919 జూలై 10న తమ సంఘం తమదేనని, ఇకపై తామే నడుపుకుంటామని ప్రకటించుకున్నారు. అదే గోస్నర్ లూథరన్ సంఘం.

మన గుంటూరు, రాజమండ్రి మిషన్లు కూడా 1927లో ఒకటై ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చిగా రూపుదిద్దుకున్నాయి. 2027 నాటికి అది నూరేళ్ల మాట అవుతుంది. 1944లో ఇ. ప్రకాశం అయ్యగారు అధ్యక్షులయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే. గోదావరి జిల్లాలకు, గుంటూరు ప్రాంతానికి వేర్వేరుగా సినాడ్లు, వాటి కింద పేరిష్‌లు, పేరిష్ కింద పల్లె సంఘాలు, ఇలా మెట్లు మెట్లుగా నిర్మాణం ఏర్పడింది.

ఈ నిర్మాణం లోపల ఏం జరుగుతుందో ఒక చిన్న లెక్కతో చెబుతాను. బడిపంతుళ్ల అలవాటు, మన్నించండి. మన తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం అనే ఆచారం ఉంది. తల్లి పూటపూటా వండే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. అది దేవుడి కుండ. పిడికెడంటే యాభై గ్రాములనుకుందాం. రోజుకు రెండు పూటలు, అంటే నూరు గ్రాములు. నెలకు మూడు కిలోలు. పల్లెలో ముప్ఫై ఇళ్లుంటే తొంభై కిలోలు. ఆ తొంభై కిలోలతో ఒక పల్లె తనంతట తాను ఒక కుటుంబాన్ని పోషించలేదు. కానీ అటువంటి పది పల్లెలు ఒక పేరిష్‌గా కలిస్తే నెలకు తొమ్మిది క్వింటాళ్లు. ఇప్పుడు ఒక అయ్యగారి కుటుంబం, ఒక పంతులు కుటుంబం గౌరవంగా బతకవచ్చు. కోతల కాలంలో సంఘస్థులు తెచ్చే ధాన్యం, కోడి, గుమ్మడికాయ, అరటిగెల వేలం వేస్తే వచ్చేది దీనికి అదనం.

మరి కరువు వచ్చి మూడు పల్లెల్లో కుండ ఖాళీ అయితే? మిగతా ఏడు పల్లెలు ఆ భారం ఎత్తుకుంటాయి. పేరిష్ మొత్తం ఇబ్బందిలో పడితే సినాడ్ ఆదుకోవాలి. పెద్ద సంఘం ఉన్నది అందుకే. కాలువ కింద పల్లె మెట్ట మీద పల్లెకు తోడుండడం, కృష్ణాడెల్టాలో పండింది పల్నాడులో ఎండినచోటికి చేరడం. సాంచా మీద పనిచేసేవారికి నేను చెప్పనక్కర్లేదు. విడిగా ఉన్న పోగును చిన్నపిల్లవాడు తెంపుతాడు. బీముకు చుట్టుకున్న పడుగులో అదే పోగు గుడ్డ మొత్తం బరువు మోస్తుంది.

ఈ తోడు ఎందుకంత అవసరమంటే, ఈ సంఘాల్లోని బీదరికానికి చట్టపరమైన ముడి కూడా ఒకటి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి షెడ్యూల్డు కులపు హోదా ఉండదు. అదే హోదాను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. ఆంధ్ర, తెలంగాణల్లో దళిత క్రైస్తవులను బి.సి.-సి గా లెక్కిస్తారు. అంటరానితనం మాత్రం మతం చూసి ఆగలేదు. కనుక సర్కారు హాస్టలు, సర్కారు వేతనం అందని పిల్లవాడికి సంఘం నడిపే బోర్డింగు ఒక్కటే దారి అయిన సందర్భాలు ఎన్నో. అక్కడ ఒక బోర్డింగు మూతపడితే, నలభై పల్లెల పిల్లల చదువు ఆగుతుంది.

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పుకోవాలి. పెట్టె పెద్దదయ్యే కొద్దీ తాళం చెవుల కోసం తగాదా కూడా పెద్దదవుతుంది. పదవుల ఎన్నికల మీద, ఆస్తుల మీద ఆంధ్ర లూథరన్ సంఘంలో వివాదాలు చెలరేగి కోర్టుల దాకా వెళ్లిన సంగతి పత్రికలు చదివేవారికి తెలుసు. మిషనరీల కాలం నాటి స్థలాలు ఇప్పుడు పట్నాల నడిబొడ్డున ఉన్నాయి. వాటి విలువ పెరిగింది. కానీ కోర్టు వ్యాజ్యం నడిచినన్నాళ్లు నష్టపోయేది ఎవరు? పట్నంలోని పెద్ద చర్చి కాదు, దానికి చందా ఇచ్చే ఉద్యోగస్థులున్నారు. పల్లెలో జీతం కోసం ఎదురుచూసే ఉపదేశి నష్టపోతాడు. దేవుడి కుండలో పిడికెడు వేసిన తల్లి మనసు నొచ్చుకుంటుంది. లైస్నిగ్ పెట్టెకు నాలుగో తాళంచెవి పల్లె రైతుకు ఎందుకు ఇచ్చారో అప్పుడర్థమవుతుంది. ఇచ్చినవాడికి లెక్క అడిగే హక్కు ఉన్నంతకాలమే ఇచ్చే అలవాటు నిలుస్తుంది. కనేరిలో మనం చీటీలు వేసుకుంటాం. చీటీ పాట అందరి ముందూ జరుగుతుంది కనుకనే, చదువురాని అవ్వ కూడా ధైర్యంగా డబ్బు కడుతుంది. సంఘానికైనా సూత్రం అదే.

ఇప్పుడు మళ్లీ మా అద్దె గదికి వస్తాను. అక్కడ కూడేవారిలో లూథరన్‌లు కొద్దిమందే. నల్లగొండ వైపు నుంచి వచ్చిన బాప్టిస్టులున్నారు, పాలమూరు నుంచి వచ్చిన మెన్నొనైట్లున్నారు, మెదక్ నుంచి వచ్చిన సి.ఎస్.ఐ. వాళ్లున్నారు. సొంత ఊళ్లో వేర్వేరు గుడులకు వెళ్లేవారు, ఇక్కడ ఒకే చాప మీద కూర్చుంటున్నారు. ఈ గుంపు పేరు ఏ పెద్ద సంఘం దస్త్రంలోనూ లేదు. ఎందుకంటే పేరిష్ అనేది ఊరి సరిహద్దులు చూసి గీసిన గీత. బతుకుతెరువు కోసం మనిషి ఆ గీత దాటగానే ఏ అయ్యగారి లెక్కలోనూ ఉండడు. ఊళ్లో అతని పేరు పాత జాబితాలో మిగిలిపోతుంది. ఇక్కడ అతని బిడ్డ పేరు ఏ జాబితాలోనూ ఎక్కదు. పెళ్లికి, చావుకు మాత్రం ఊరి నుంచి ఎవరో ఒకరు రైలెక్కి రావాలి.

అందుకని పెద్ద సంఘాలకు నా మనవి ఒక్కటే. మాకు భవనం అక్కర్లేదు. అద్దె గది చాలు. ఏడాదికి రెండుసార్లైనా ఒక మనిషిని పంపండి. హయ్యర్ 77వ ఏట ఓడ ఎక్కగలిగినప్పుడు, గుంటూరు నుంచో హైదరాబాదు నుంచో భివండీకి రైలు ఎక్కడం కష్టం కాదు. వచ్చి చూడండి, ఎవరెవరున్నారో పేర్లు రాసుకోండి. వేసవి సెలవుల్లో ఒక నెలపాటు ఒక తెలుగు పంతులును పంపండి. అఆల పుస్తకం, పాటల పుస్తకం, లూథరు రాసిన ఆ చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం ఇవ్వండి. అది చాలు.

కనేరి వాళ్లకు కూడా ఒక మాట చెబుతాను, ఆ మాట నాకు నేను చెప్పుకునేదే. పుచ్చుకోవడానికే పెద్ద సంఘం అనుకుంటే మనం ఎప్పటికీ చిన్న సంఘంగానే ఉండిపోతాం. మనమూ ఒక కుండ పెట్టుకుందాం. బియ్యం కాకపోతే వారానికి పది రూపాయలు. లెక్క గోడ మీద రాద్దాం. ముందు ఆ డబ్బుతో పిల్లలకు తెలుగు వాచకాలు కొందాం. మిగిలితే, మనం వదిలి వచ్చిన పల్లెలో ఉపదేశికి పంపుదాం. పట్నం వెళ్లినవారు పల్లెను మరిచిపోలేదని అతనికి తెలియాలి.

ఆ కుర్రవాడితో ఈ మధ్యే కూర్చున్నాను. అతని నోటుబుక్కులో మరాఠీ అక్షరాల కింద ఒక్కో వరసా తెలుగులో రాయించాను. ఎకారం, ఏకారం తేడా చెప్పి, 'మెడ', 'మేడ' రెండూ రాయమన్నాను. రాశాడు. రాసి, చదివి, తనలో తనే నవ్వుకున్నాడు. తర్వాత నోటుబుక్కు తీసుకుని వాళ్లమ్మకు చూపించడానికి వెళ్లాడు. ఆమెకు చదవడం రాదు. అయినా చాలాసేపు ఆ పేజీ మీద వేలు పెట్టి చూస్తూ ఉండిపోయింది. వచ్చే ఆదివారం తనకు కూడా ఒక పలక తెమ్మని అడిగింది.